బారాటాంగ్ ఒక్కరోజు టూరు: జారవాల అడవి మీదుగా వెళ్లొచ్చా, మానుకోవాలా?

మధురవాడ:
అందరికీ నమస్కారం. జనవరిలో అమ్మానాన్నలతో, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాపతో అండమాన్ వెళ్తున్నాం. మొత్తం ఆరు రోజులు. ఏజెంట్ ఇచ్చిన ప్లాన్‌లో నాలుగో రోజంతా బారాటాంగ్ దీవికే పోతుంది. తెల్లవారుజామున మూడున్నరకి హోటల్ నుంచి బయలుదేరి, జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర కాన్వాయ్‌లో (బండ్లన్నీ వరసగా కలిసి వెళ్లే గుంపు) చేరి, అడవి దాటి, పడవెక్కి సున్నపురాతి గుహలు, బురద అగ్నిపర్వతం చూసి సాయంత్రానికి పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పుడు శ్రీవిజయపురం) చేరడం. మా తమ్ముడేమో "అది జారవా ఆదివాసుల అడవి, అందులోంచి షికారుకి వెళ్లడం తప్పు" అని గట్టిగా పట్టుబట్టాడు. రోజూ అంతమంది వెళ్తున్నారు, ప్రభుత్వమే పర్మిట్ ఇస్తోంది, ఇంక తప్పెక్కడుంది అని నా అనుమానం. వెళ్లొచ్చినవాళ్లు, అక్కడ ఉండేవాళ్లు కాస్త చెప్పండి.

గోదారిగట్టు:
తప్పకుండా వెళ్లండి. రెండేళ్ల కిందట మేం ఎనిమిది మందిమి వెళ్లాం. మొత్తం ట్రిప్పులో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉన్నది ఆ రోజే. అడవి దాటాక మిడిల్ స్ట్రెయిట్ అనే జలసంధి దగ్గర మన వ్యాను ఇవతలే ఉండిపోతుంది, బల్లకట్టు లాంటి పెద్ద పడవ మీద అవతలికి దాటాలి. అక్కడ లైఫ్ జాకెట్లు వేసి స్పీడ్‌బోటు ఎక్కిస్తారు. కొంతసేపు వెడల్పాటి నీళ్లలో వెళ్లాక బోటు ఒక్కసారిగా సన్నటి పాయలోకి తిరుగుతుంది. ఇంజను శబ్దం తగ్గుతుంది. రెండు వైపులా మడ చెట్లు, వేళ్లన్నీ నీళ్లలోకి దిగి, కొమ్మలు పైన కలిసిపోయి ఉంటాయి. బోటు నడిపే కుర్రాడు "తలలు వంచండి" అంటే అందరం వంచాం. బోటు దిగాక గుహకి ఒకటిన్నర కిలోమీటర్ల దాకా నడక. దారిలో నిమ్మరసం అమ్ముతారు, తాగండి, ఉక్క బాగా ఉంటుంది. బురద అగ్నిపర్వతం మాత్రం పేరుకే, చిన్న బురదగుంటలో బుడగలు వస్తుంటాయి, అంతే.

ఇక జారవాల సంగతి. అద్దాలు ఎత్తేయమన్నారు, ఎత్తేశాం. ఫోన్లు లోపల పెట్టమన్నారు, పెట్టేశాం. ఎక్కడా ఆగలేదు, వేగం కూడా నలభై దాటనివ్వరు. మేం ఎవరికి ఏం హాని చేశాం? ఆ బోటు కుర్రాళ్లు, నిమ్మరసం అమ్మే ఆడవాళ్లు మనలాంటి వాళ్ల మీదే బతుకుతున్నారు.

జంగ్లీఘాట్ అమ్మాయి:
మధురవాడ గారూ, నేను పోర్ట్‌బ్లెయిర్‌లోనే పుట్టాను. మా తాతగారిది శ్రీకాకుళం దగ్గర పల్లె. చేపల వేటకి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. 2011 లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది తెలుగువాళ్లమే, కాబట్టి ఇది మన ఊరి గొడవే అనుకుని చెబుతున్నాను. దయచేసి ఈ టూరు మానుకోండి.

ఆ రోడ్డు పేరు అండమాన్ ట్రంక్ రోడ్. దాన్ని వేసేటప్పుడు జారవాలు బాణాలతో అడ్డుకున్నారు. అంటే వాళ్ల అభిప్రాయం ఏమిటో ఆనాడే చెప్పారు. 1996లో కాలు విరిగిన ఒక జారవా కుర్రాడిని పోర్ట్‌బ్లెయిర్ ఆసుపత్రికి తెచ్చి నయం చేసి తిరిగి అడవికి పంపారు. ఆ మరుసటి ఏడాది నుంచి వాళ్లు తమంతట తామే బయటికి రావడం మొదలైంది. రెండేళ్లు తిరక్కుండానే, 1999లో, వాళ్లకి తట్టు సోకింది. ఎంతోమందిని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. మన పిల్లలకి టీకాతో ఆగిపోయే జబ్బు, వాళ్ల ఒంటికి మాత్రం అలవాటే లేనిది. 2001 జనాభా లెక్కల్లో వాళ్లు 240 మంది. 2011కి 380. ఒక్క అపార్ట్‌మెంట్‌లో పట్టేంత మంది.

2002 మేలో సుప్రీంకోర్టు జారవాలకి కేటాయించిన ఆ అడవి (రిజర్వు) లోపలి రోడ్డు భాగాన్ని మూసేయమంది. మూయలేదు. 2012 జనవరిలో జారవా ఆడపిల్లల చేత టూరిస్టుల కోసం డాన్సు చేయించిన వీడియో బయటపడి ప్రపంచమంతా చూసింది. ఆ తర్వాత చట్టాన్ని గట్టిపరిచారు, ఫొటో తీస్తే జైలే. రూల్స్ వచ్చాయి, నిజమే. కానీ నేను కళ్లారా చూసింది ఒకటి చెబుతాను.

కాలేజీలో ఉన్నప్పుడు చుట్టాలతో కలిసి వెళ్లాను. ముందురోజే డ్రైవరు "అదృష్టం ఉంటే జారవాలు కనిపిస్తారు" అన్నాడు, పులుల గురించి చెప్పినట్టే. అడవిలో ఒక మలుపు దగ్గర రోడ్డు పక్కన ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. పన్నెండేళ్లు ఉంటాయేమో. నడుముకి ఎర్ర దారాల పోగు, చేతిలో విల్లు. వ్యానులో వాళ్లందరూ ఒక్కసారిగా ఎడమవైపు అద్దాల దగ్గరికి ఒరిగారు. ఎవరూ ఫొటో తీయలేదు, ఎవరూ ఏమీ విసరలేదు, ఒక్క రూలూ తప్పలేదు. ఆ పిల్లాడు మాత్రం మావైపు చూడనే లేదు. రోడ్డుకి అవతల ఉన్న చెట్లకేసి చూస్తున్నాడు. రైలు పోయేదాకా గేటు దగ్గర నిలబడతాం చూడండి, అలా. మా వెనక ఇంకా ఎన్నో బండ్లు ఉన్నాయి. వాడి అడవిలో వాడు ఇటు నుంచి అటు దాటడానికి మేం గుహలు చూసిరావడం కోసం ఆగాడు. ఆ తర్వాత నేను మళ్లీ ఆ టూరుకి వెళ్లలేదు.

రంగత్ ఉద్యోగి:
అమ్మా, నువ్వు చెప్పిన బాధ నాకూ తెలుసు. కానీ రోడ్డు మూసేయాలి అన్నమాట పోర్ట్‌బ్లెయిర్‌లో కూర్చుని అనడం తేలిక. నేను రంగత్‌లో పదకొండేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. అడవికి ఉత్తరాన ఉన్న రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్ జనానికి ఆ రోడ్డే ప్రాణం. మా ఆవిడకి ఏడో నెలలో రక్తస్రావం అయితే రాత్రికి రాత్రి కాన్వాయ్ దొరక్క, తెల్లారేదాకా చెక్‌పోస్టు దగ్గర అంబులెన్సులో కూర్చున్నాం. ఆ రాత్రి టెన్షన్ పగవాడికి కూడా వద్దు. పడవలు ఉన్నాయి కానీ వానాకాలంలో సముద్రం పొంగితే కదలవు. ఇక్కడ ఉన్నవాళ్లు కూడా మనుషులే కదా. బెంగాల్ నుంచి శరణార్థులుగా వచ్చినవాళ్లు, రాంచీ వైపు నుంచి అడవి పనులకి తెచ్చినవాళ్లు, తరాలుగా ఉన్నారు.

జంగ్లీఘాట్ అమ్మాయి:
అన్నా, మీ అంబులెన్సుని ఆపమని నేను ఎన్నడూ అనను. వదినగారు క్షేమంగా ఉన్నారని అనుకుంటున్నాను. రంగత్ బస్సు, కూరగాయల లారీ, ఆసుపత్రి బండి వేరు. గుహ చూసి సాయంత్రానికి తిరిగొచ్చే టూరిస్టు వ్యాను వేరు. ఆ కాన్వాయ్‌లోంచి టూరిస్టు బండ్లు తీసేస్తే వరస ఎంత తగ్గుతుందో రోజూ చూసే మీకే బాగా తెలుసు. గుహలు చూడాలనుకునేవాళ్లకి సముద్రం మీదుగా రోజూ పడవలు నడపాలి, రోడ్డు మాత్రం అక్కడ ఉండేవాళ్లకే వదలాలి అన్నదే నా మాట.

రంగత్ ఉద్యోగి:
క్షేమమే తల్లీ, బాబుకి ఇప్పుడు నాలుగేళ్లు. నువ్వు చెప్పినట్టు టూరిస్టు బండ్లు మాత్రమే తగ్గించేట్టయితే నాకు అభ్యంతరం లేదు. నిజానికి మా బస్సు ఆలస్యమయ్యేది వాటివల్లే.

గోదారిగట్టు:
ఒక విషయం దాటేశారు. 2013 జనవరిలో సుప్రీంకోర్టు ఆ రోడ్డు మీద టూరిస్టులని ఆపేసింది, నిజమే. మార్చిలో ఆ కోర్టే ఆ నిషేధం ఎత్తేసింది కదా? చట్టం ఒప్పుకున్న పనికి ఒక కుటుంబాన్ని దోషులుగా నిలబెట్టడం సరికాదు. పైగా బారాటాంగ్ బోటువాళ్లకి వేరే బతుకుతెరువు ఎవరు చూపిస్తారు?

ఓరుగల్లు:
ఇంకో కోణం. జారవాలని అలా అడవిలోనే ఉంచేయడం కూడా న్యాయమేనా? చదువు, వైద్యం వాళ్లకి అక్కర్లేదా? మన ఏజెన్సీలో కోయలు, గోండులు కాలేజీలకి వస్తున్నారు. బయటి మనుషుల్ని చూస్తేనే కదా వాళ్లూ ముందుకొస్తారు.

జంగ్లీఘాట్ అమ్మాయి:
ఓరుగల్లు గారూ, బయటివాళ్లతో కలిస్తే ఏమవుతుందో ఈ దీవుల్లో ఒకసారి చూశాం. 1858లో బ్రిటిషువాళ్లు పోర్ట్‌బ్లెయిర్‌లో ఖైదీల కాలనీ పెట్టేనాటికి గ్రేట్ అండమానీలు అనే ఇక్కడి ఆదివాసులు వేలల్లో ఉండేవారు. వాళ్లని "నాగరికుల్ని" చేస్తామని ఇళ్లు కట్టి అందులో పెట్టారు. సుఖవ్యాధులు అంటుకున్నాయి, 1877లో తట్టు వచ్చింది. 1960ల నాటికి ఇరవై మంది లోపు మిగిలారు. జారవాలకి వైద్యం వద్దని ఎవరూ అనలేదు. ఎప్పుడు రావాలో, ఎంతవరకు రావాలో వాళ్లు తేల్చుకోవాలి. అయినా వ్యాను అద్దంలోంచి మనం చూస్తే వాళ్లకి చదువెలా వస్తుందండీ?

గోదారిగట్టు గారూ, చట్టం ఒప్పుకుంటుంది, నేను కాదనడం లేదు. మధురవాడ గారు అడిగింది వెళ్లనిస్తారా అని కాదు, తప్పా కాదా అని. బోటువాళ్ల మాట మాత్రం నిజం. దానికి నా దగ్గర సమాధానం పడవల దారి ఒక్కటే. అది సరిగ్గా నడిస్తే వాళ్ల పని వాళ్లకే ఉంటుంది.

అరకుదారి:
మధురవాడ బ్రదర్, మీది వైజాగే కదా. సున్నపురాతి గుహలంటే మనకి బొర్రా ఉంది, బారాటాంగ్ గుహ దాని ముందు ఒక గది లాంటిది. మడ అడవి చూడాలంటే కాకినాడ పక్కనే కోరింగ ఉంది. పాపకి ఆ రెండూ రెండు ఆదివారాల్లో చూపించొచ్చు. అండమాన్‌కే వెళ్లి చూడాల్సింది పగడపు దిబ్బలు.

గోదారిగట్టు:
బొర్రాతో పోల్చి చూస్తే గుహ చిన్నదే, ఒప్పుకుంటాను. ఆ పాయలో పడవ ప్రయాణం మాత్రం కోరింగలో కూడా రాదు. నేను వెళ్లినందుకు బాధపడటం లేదు. ఆ కుర్రాడి సంగతి చదివాక మాత్రం, మా వ్యానులో కూడా మేమందరం రెండు గంటలు కిటికీలకి అతుక్కుని దేనికోసం చూశామో గుర్తొచ్చింది. చెట్ల కోసం కాదు.

మధురవాడ:
అందరికీ థాంక్స్. నాన్నగారికి కూడా ఇదంతా చదివి వినిపించాను. ఆయన రైల్వేలో గేట్‌మన్‌గా రిటైరయ్యారు. గేటు దగ్గర నిలబడ్డ పిల్లాడి మాట రాగానే "వద్దు, మానేయ్" అన్నారు. ఏజెంట్‌కి ఫోన్ చేసి నాలుగో రోజు మార్చమన్నాను. డబ్బు తిరిగి రాదంటున్నాడు, సర్దుకుంటాం. ఆ రోజుకి ఏం పెట్టుకోమంటారు? అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు.

జంగ్లీఘాట్ అమ్మాయి:
వండూర్ నుంచి జాలీబాయ్ దీవికి వెళ్లండి. వండూర్ పోర్ట్‌బ్లెయిర్ నుంచి గంట దారి, అక్కడి నుంచి పడవ. దీవి మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఉంది, జనవరిలో తెరిచే ఉంటుంది. పర్మిట్లు లెక్కప్రకారమే ఇస్తారు, ముందే తీసుకోండి. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు పట్టుకెళ్లనివ్వరు, దీవి మీద తిండి దొరకదు, కాబట్టి పులిహోర స్టీలు డబ్బాలో కట్టుకోండి. పెద్ద పడవలోంచి అడుగున అద్దం ఉన్న చిన్న పడవలోకి మారి దిగాలి. అక్కడ అమ్మగారి చెయ్యి పట్టుకోండి, తక్కినదంతా కూర్చునే చూడొచ్చు. పగడాలు, చేపలు పాప కాళ్ల కిందే కనిపిస్తాయి.