ఎస్‌టీపీలో తెల్లవారుజామున దుర్వాసన, కలకబారిన నీరు: బ్యాక్టీరియా పొడి వేస్తే సరిపోతుందా?

ప్రశ్న: నివాసుల సంఘం సభ్యుడు

నమస్కారం. మా సముదాయంలో రోజుకు 100 కిలోలీటర్ల మురుగునీటిని శుద్ధి చేసే ఎస్‌టీపీ ఉంది. బ్లోయర్లతో గాలి ఊది, బురదలోని బ్యాక్టీరియాతో శుద్ధి చేయించే మామూలు పద్ధతి ప్లాంటే అది. నాలుగేళ్లు చెప్పుకోదగ్గ ఇబ్బంది లేకుండా నడిచింది. మూడు నెలలుగా మాత్రం ఉదయం ఐదు, ఐదున్నర ప్రాంతంలో కుళ్లిన కోడిగుడ్ల వాసన కింది అంతస్తుల దాకా వస్తోంది. ఫ్లష్ ట్యాంకులకు వెళ్లే నీరు పసుపుపచ్చగా కలకబారి ఉంటోంది. రోజుకొకసారి బ్యాక్‌వాష్ (నీటిని వెనక్కి పంపి కడగడం) చేస్తే సరిపోయిన శాండ్ ఫిల్టర్‌కు ఇప్పుడు మూడు నాలుగు సార్లు చేయవలసి వస్తోంది. గాలి ఊదే ఏరేషన్ ట్యాంకు మీద ముదురు గోధుమరంగు నురగ జిడ్డుగా పేరుకుంటోంది.

నిర్వహణ ఒప్పందం తీసుకున్నవారు ట్యాంకులో బ్యాక్టీరియా చచ్చిపోయిందనీ, నెలనెలా కల్చర్ పొడి వేయాలనీ అంటున్నారు. ఒకసారి వేయించాం కానీ తేడా ఏమీ కనిపించలేదు. మళ్లీ సంఘాన్ని డబ్బు అడిగే ముందు అసలు లోపం ఎక్కడుందో తెలుసుకోవాలని రాస్తున్నాను.

సమాధానం: ప్లాంట్ల నిర్వహణలో పనిచేసే వ్యక్తి

పొడి సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఇళ్ల నుంచి వచ్చే మురుగులోనే కావలసినంత బ్యాక్టీరియా రోజూ వస్తూ ఉంటుంది, దానికి గాలి, తిండి సక్రమంగా అందితే తనంతట తానే పెరుగుతుంది. కొత్తగా ప్లాంటు మొదలుపెట్టేటప్పుడు కూడా చాలామంది పొడి కన్నా, బాగా నడుస్తున్న మరో ప్లాంటు నుంచి ఒక ట్యాంకరు బురద తెచ్చి పోసుకోవడానికే మొగ్గు చూపుతారు.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. బ్లోయర్ నడుస్తుండగా ఏరేషన్ ట్యాంకు నుంచి నీరు తీసి, ఒక లీటరు కొలజాడీలో నిండుగా పోసి, కదిలించకుండా 30 నిమిషాలు ఉంచాక బురద ఎన్ని మిల్లీలీటర్ల గీత దగ్గర నిలిచిందో చూడండి. సాధారణంగా 250 నుంచి 400 మధ్య ఉంటే ప్లాంటు దారిలో ఉన్నట్లే. అంతకన్నా బాగా పైన నిలిస్తే, అదే నమూనాను సగం జాడీ తీసుకుని, మిగతా సగం ప్లాంటులో తేరిన శుద్ధజలంతో నింపి మళ్లీ 30 నిమిషాలు ఉంచండి. ఎంఎల్‌ఎస్‌ఎస్ (లీటరు ట్యాంకు నీటిలో ఉన్న బురద బరువు) ఎంత ఉందో ప్రయోగశాలలో చూపించండి. బురద చివరిసారి ఎప్పుడు బయటికి తీశారో, రాత్రిపూట బ్లోయర్ ఎన్ని గంటలు నడుస్తోందో లాగ్‌బుక్ చూసి రాయండి. ఆపరేటర్‌ను అడిగితే నడుస్తోందనే చెబుతారు, కాబట్టి వీలైతే బ్లోయర్ ప్యానెల్‌లోని గంటల మీటరు అంకెలే చూడండి.

సమాధానం: మరో సముదాయ నివాసి

వాసన సరిగ్గా తెల్లవారుజామునే వస్తోందంటే నాకు బ్లోయర్ మీదే అనుమానంగా ఉంది. మా దగ్గర ప్లాంటుకు ఆనుకుని ఉన్న ఫ్లాట్లవారు చప్పుడుకు నిద్ర పట్టడం లేదని ఫిర్యాదు చేస్తే, ఎవరికీ చెప్పకుండా రాత్రంతా కట్టేసేవారు. ఆ విషయం బయటపడేసరికి ఆరు నెలలు గడిచాయి. చివరికి బ్లోయర్ కింద అదురును ఆపే రబ్బరు దిమ్మలు, గాలి పీల్చేచోట సైలెన్సర్, చుట్టూ శబ్దాన్ని అడ్డుకునే పెట్టె పెట్టించాక ఫిర్యాదులు ఆగాయి. పెట్టె వేయిస్తే లోపలి వేడి బయటికి పోవడానికి ఫ్యాను తప్పనిసరి, లేకపోతే బ్లోయర్ కాలిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పినట్లే చేశాను. మొదటి జాడీలో 30 నిమిషాల తర్వాత కూడా బురద 820 దగ్గరే ఉంది, పైన రెండు వేళ్ల మందాన మాత్రమే తేటనీరు కనిపించింది. సగానికి పలుచన చేసిన జాడీలో 240కి దిగిపోయింది, పైనున్న నీరు ఆశ్చర్యపోయేంత తేటగా ఉంది. ఎంఎల్‌ఎస్‌ఎస్ లీటరుకు 6,800 మి.గ్రా. వచ్చింది. బురదలోని నీటిని పిండే ఫిల్టర్ ప్రెస్ గుడ్డలు చిరిగి ఐదు నెలలుగా బురద తీయడమే లేదట. బ్లోయర్ విషయంలో రెండో సమాధానం ఇచ్చినవారి అనుమానం నిజమే, రాత్రి పదకొండు నుంచి ఉదయం ఐదు వరకు ఆపుతున్నారు.

సమాధానం: ప్లాంట్ల నిర్వహణలో పనిచేసే వ్యక్తి

అయితే మీ ప్లాంటులో బ్యాక్టీరియా చావలేదు సరికదా, ఉండవలసినదానికి దాదాపు రెట్టింపు ఉంది. మీ తరహా ప్లాంటుకు ఎంఎల్‌ఎస్‌ఎస్ 3,000 నుంచి 4,000 చాలు. పలుచన చేసిన లెక్కను రెట్టింపు చేస్తే 480, దాన్ని లీటరుకు 6.8 గ్రాములతో భాగిస్తే గ్రాముకు 70 మి.లీ. వస్తుంది. ఈ అంకె 150 దాటితే తీగల్లాంటి బ్యాక్టీరియా పెరిగి బురద దిగడం లేదని అనుకోవలసి వచ్చేది. మీ బురద మంచిదే, అడుగుకు దిగడానికి దానికి చోటు లేదు. అందుకే బురద తేరాల్సిన సెటిలింగ్ ట్యాంకు అంచులు దాటి శాండ్ ఫిల్టర్‌లోకి వెళ్తోంది. జిడ్డు నురగ కూడా వయసు ముదిరిన బురద లక్షణమే. నీళ్ల పైపుతో కొట్టి దాన్ని మళ్లీ ట్యాంకులోకే దించకండి, పైనుంచే తీసి బురదతో పాటు బయటికి పంపండి.

ఇంత బురద ఉన్న ట్యాంకులో గాలి ఆపితే నీటిలోని ఆక్సిజన్ కొద్ది నిమిషాల్లోనే అయిపోతుంది. ఆరు గంటలు అలాగే వదిలేస్తే ఏరేషన్ ట్యాంకులోనూ, దానికి ముందు మురుగును నిల్వ చేసే ఈక్వలైజేషన్ ట్యాంకులోనూ హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతుంది. ఐదింటికి గాలి మొదలవగానే ఆ వాయువంతా ఒక్కసారిగా పైకి తన్నుకొస్తుంది, మీకు వస్తున్న వాసన అదే. పైగా ఆగిన వేళ బురద, ట్యాంకు అడుగున గాలిని బుడగలుగా వదిలే డిఫ్యూజర్ల మీద పేరుకుని వాటి సన్నని రంధ్రాలను మూసేస్తుంది. చప్పుడు తగ్గించే ఏర్పాటు జరిగేదాకా రాత్రి వీఎఫ్‌డీతో (మోటారు వేగాన్ని మార్చే పరికరం) బ్లోయర్ వేగం తగ్గించండి, లేదా రెండు గంటలు నడిపి అరగంట ఆపండి. నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మి.గ్రా. దగ్గర ఉండేలా చూసుకోండి.

గుడ్డలు మార్చి ఈ వారమే బురద తీయడం మొదలుపెట్టండి. ఒకేసారి ఖాళీ చేయవద్దు, రోజుకు మొత్తంలో పదో వంతు మించకుండా తీస్తూ, ప్రతి ఉదయం జాడీ పరీక్ష చేసి ఆ అంకెను గోడమీద పలకపై రాయించండి. 400 దగ్గరకు వచ్చాక, రోజూ కొత్తగా పెరిగినంత మేరకే తీస్తే చాలు.

సమాధానం: మరో సముదాయ నివాసి

ఒక్క మాట. డిఫ్యూజర్లు చూద్దామని ట్యాంకులోకి గానీ, మూసి ఉన్న బురద గదిలోకి గానీ ఎవరినీ దిగనివ్వకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగేకొద్దీ ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, కాబట్టి వాసన లేదు కదా అని దిగడం ప్రాణాంతకం. గాలి బుడగలు ట్యాంకంతా సమానంగా వస్తున్నాయో, ఒకచోటే కుతకుతలాడుతున్నాయో గట్టుమీద నుంచే తెలుస్తుంది. పైకి లాగగలిగే డిఫ్యూజర్లయితే ఒక్కొక్కటిగా తీసి కడిగించండి.

ప్రశ్న అడిగినవారు

మా ట్యాంకులో బుడగలు ఎడమ మూలనే ఎక్కువగా వస్తున్నాయి, ఇన్నాళ్లూ దాన్ని గమనించనే లేదు. డిఫ్యూజర్లు పైకి తీసే రకమే. గుడ్డలకు ఆర్డరు ఇచ్చాం. నిన్న రాత్రి నుంచి బ్లోయర్ రెండు గంటలు నడిచి అరగంట ఆగేలా టైమరు పెట్టించాను. పక్క ఫ్లాట్లవారితో మాట్లాడే పని ఇంకా మిగిలి ఉంది.