ప్రతి ఎండాకాలం ఏసీల గ్యాస్ అయిపోతదా? మెకానిక్ చెప్పేది నమ్మాల్నా?

మిల్లు_ఎనక_ఇల్లు (మిర్యాలగూడ)

అన్నలు జర చెప్పుండ్రి. మాది 1.5 టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ, ఆర్32 గ్యాస్, వారంటీ ఎప్పుడో అయిపోయింది. మార్చి వచ్చిందంటే సర్వీస్ చేయిస్త, వచ్చినాయన ఇండోర్ మీద జెట్‌తోని నీళ్లు కొట్టి ఔట్‌డోర్‌కు ప్రెషర్ చూసే గేజీ పెట్టి "గ్యాస్ డౌన్ అయింది అన్నా, కొట్టాలె" అంటడు, కొట్టినంక కొన్ని దినాలు మస్తు చల్లగుంటది, మే నెల నడుమకొచ్చేసరికి ఉత్త గాలే వస్తది. ఈసారి కొత్తగ ఇండోర్ కింద గోడ పొంటి నీళ్లు కూడ కారుతున్నయ్, అమ్మ కింద బకెట్ పెట్టింది. ఇంటి ఎనకనే రైస్ మిల్లు, ఊక దుమ్ము సంగతి తెలుసు గదా. బండిల పెట్రోల్ అయిపోయినట్టు ఏసీల గ్యాస్ అయిపోతదా అసలు? మళ్ల పైసలు పెట్టాల్నా, కొత్తది తీస్కోవాల్నా?

పాలమూరు_భాయ్

అందరిండ్లల్ల గదే కథ భాయ్, మా ఇంట్ల కూడ ఏడాది ఇడిసి ఏడాది కొట్టిస్తం. గింత ఎండల గ్యాస్ తగ్గక ఏమైతది. కొట్టిచ్చుకో, టెన్షన్ తీస్కోకు.

ఔట్‌డోర్_అన్న (నల్గొండ)

పాలమూరు భాయ్ ఏమనుకోకు గని అది తప్పు మాట. నేను ఈ పని మీదనే బతుకుతున్న. ఏసీల గ్యాస్ ఖర్చయ్యేది కాదు, రాగి పైపులల్ల అట్లనే తిరుగుతుంటది, లోపల వేడి గుంజుకొని బయట ఇడుస్తది, మళ్ల లోపలికొస్తది. ఎండకు ఆవిరైపోదు. తగ్గిందంటే ఏడనో లీక్ ఉన్నట్టే, లేకుంటే అసలు తగ్గనే లేదు, నీకు బిల్లు పడ్డది అంతే.

ఇన్వర్టర్ ఏసీకి ఉత్త గేజీ చూసి గ్యాస్ తక్కువున్నదని చెప్పుడు ఎట్లైతది చెప్పు, కంప్రెసర్ స్పీడ్ మారినకొద్ది ప్రెషర్ మారుతుంటది. ఔట్‌డోర్ మీద అతికిచ్చిన ప్లేట్ మీద ఎన్ని గ్రాముల గ్యాస్ పట్టాలనో రాసి ఉంటది. సరిగ చేసేటోడైతే ఉన్న గ్యాస్ తీసి, నైట్రోజన్‌తోని ప్రెషర్ టెస్ట్ చేసి, లీక్ పట్టుకొని బందు చేసి, వాక్యూమ్ పంపు పెట్టి పైపులల్ల గాలి, తేమ లేకుంట గుంజి, అప్పుడు కాంటా మీద సిలిండర్ పెట్టి తూకంతోని నింపుతడు. ఈ కాంటా, వాక్యూమ్ పంపు లేకుంట చేతుల సిలిండర్ ఒక్కటి పట్టుకొని వచ్చినోన్ని గేటు కాడనే ఆపు.

నువ్వే చూసుకునేటిది ఒకటి చెప్త. ఏసీ ఒక ఇరవై నిమిషాలు నడిచినంక ఔట్‌డోర్ పక్కన రెండు పైపులు ఉంటయ్, సన్నది ఒకటి లావుది ఒకటి, ఆడ వాల్వుల కాడ చూడు. సన్న పైపు మీదనే తెల్లగ మంచు పట్టి లావు పైపు మామూలుగ ఉంటే గ్యాస్ తక్కువున్నదన్న అనుమానం నిజమే. లావు పైపు కూడ గడ్డ కట్టిందంటే ముందు ఇండోర్ల గాలికి ఏదన్నా అడ్డం పడ్డదా చూడు, ఫిల్టర్, కాయిల్ (చల్లబడే పైపుల చుట్ట), బ్లోయర్ (గాలి కొట్టే ఫ్యాను). మిల్లు పక్కన ఇల్లంటున్నవ్, నాకైతే మొదటి అనుమానం ఆడనే.

ఆర్32 కొంచెం మంట అంటుకునే గుణమున్న గ్యాస్, గ్యాస్ లోపల ఉండంగనే మంట టార్చ్ పెట్టి వెల్డింగ్ చేస్తా అంటే ఒప్పుకోకుండ్రి ఎవ్వలు గూడ.

సూర్యాపేట_అక్క

తమ్ముడూ నీళ్ల సంగతి నేను చెప్త. మాకు కూడ గోడంత పాకరు పట్టినట్టైంది. ఇండోర్ లోపల ఒక ట్రే ఉంటది, కాయిల్ మీద చెమట పట్టిన నీళ్లు దాంట్ల పడి సన్న పైపు నుంచి బయటికి పోతయ్. దుమ్ము తడిసి జిగట జిగట అయ్యి ఆ పైపు మూసుకపోతది, నీళ్లు ఎటు పోవాలె మరి, గోడ మీదికే. బయట పైపు కొసకు దుమ్ము గుంజే మిషన్ పెట్టి గుంజితే నల్లటి మడ్డి బయటపడ్డది మాకు, వాసన చెప్పలేను. పైపు కొస బకెట్ నీళ్లల్ల మునిగితే నీళ్లు సరిగ దిగవు, నడుమల పైకి వంగి ఉన్నా గంతే.

ఇంకొకటి, గ్యాస్ తక్కువై కాయిల్ మీద మంచు కట్టినా ఏసీ బందు చేసినంక అది కరిగి ట్రే దాటి కారుతది. చల్లగ కాకపోవుడు, నీళ్లు కారుడు రెండింటికి కారణం ఒకటే కావచ్చు మీ ఇంట్ల.

ఫిల్టర్ మాత్రం మెకానిక్ కోసం ఆగకు. ఎంసీబీ బందు చేసి, మూత లేపి, జాలీలు రెండు తీసి నల్లా కింద ఎనక దిక్కు నుంచి నీళ్లు పట్టు, మొండి దుమ్ముకు పాత పళ్ల బ్రష్ చాలు, వేడి నీళ్లు పోయకు వంకర పోతది, నీడకు ఆరనియ్యి. అందరు నెలకు ఒకసారంటరు, మిల్లు పక్కన అయితే వారానికొకసారి చూడాల్సిందే. లోపల కాయిల్ మీద నీళ్లు మాత్రం నువ్వు కొట్టకు, పక్కకే కరెంట్ బోర్డు ఉంటది.

ఆ ఏసీ నీళ్లు చెట్లకు పొయ్యి, మన దిక్కు బోర్ల ఉప్పు నీళ్ల కంటే నయమే. ఇన్వర్టర్ బ్యాటరీల పోస్తరు కొందరు, పోయకు.

పాలమూరు_భాయ్

సరే అన్నా ఒప్పుకున్న 🙂 మరి మే నెలలనే ఎందుకు చల్లగ కాదు, లీక్ అయితే ఏడాదంతా ఉండాలె గదా?

ఔట్‌డోర్_అన్న (నల్గొండ)

మంచిగడిగినవ్. ఏసీ మీద రాసే టన్ను లెక్క బయట 35 డిగ్రీలు ఉన్నప్పటిది, మన నల్గొండల మే నెల 45 కొడ్తది, ఔట్‌డోర్ వేడి ఇడువలేక కిందమీద పడతది, గ్యాస్ కొంచెం తక్కువున్నా మార్చిల ఏం తెల్వదు, మేలనే బయటపడతది. దానికి తోడు ఔట్‌డోర్ రేకుల మీద ఊక దుమ్ము మందంగ పట్టి ఉంటే చెప్పనవసరం లేదు. కరెంట్ బందు చేసి పైపుతోని మామూలు నీళ్లు కొట్టు, జెట్ మరీ దగ్గర పెట్టకు రేకులు వంగుతయ్. డాబా మీద ఎండకుంటే పైన షెడ్డు లెక్క ఏదన్నా ఎయ్యి, కానీ గాలి బయటికి కొట్టే దిక్కు అడ్డం పెట్టకు. 16 మీద పెడితే తొందరగ చల్లబడదు, 24, 25 పెట్టి ఫ్యాన్ ఏసుకో.

మిల్లు_ఎనక_ఇల్లు (మిర్యాలగూడ)

అన్నా చూసిన. ఫిల్టర్ కడిగినంక గాలి పెరిగింది గని సన్న పైపు మీద తెల్లగ మంచు అట్లనే పడుతున్నది, లావు పైపుకు ఏం లేదు. సబ్బు నురుగు పూసి చూసిన, లావు పైపు నట్టు కాడ సన్న సన్న బుడగలొస్తున్నయ్, దాని చుట్టు నూనె మరక కూడ ఉన్నది. గ్యాస్ కొట్టిన మెకానిక్‌కు ఫోన్ చేస్తే నట్టు బిగిస్తే అయిపోతదంటున్నడు.

ఔట్‌డోర్_అన్న (నల్గొండ)

నూనె మరక ఉన్నదంటే లీక్ అదే తమ్మీ, ఎతుకుడు బాధ తప్పింది. ఉత్తగ బిగిస్తే కొన్ని దినాలు ఆగి మళ్ల మొదలైతది, మరీ గట్టిగ తిప్పితే లోపల ఫ్లేర్ (గరాటు లెక్క వెడల్పు చేసిన పైపు అంచు) చీలుతది. పైపు కొస కోసి కొత్త ఫ్లేర్ కొట్టమను, టార్క్ పానాతోని (ఎంత బిగియ్యాలనో కొలిచే పానా) బిగియ్యమను, తర్వాత వాక్యూమ్, తూకం. ఆయన కాదంటే వేరేటోన్ని పిలువు. కొత్త ఏసీ అక్కర లేదు.