సంజీవ్ కపూర్ గొప్ప చెఫ్ఫా, గొప్ప సేల్స్‌మానా?

పోపులపెట్టె:
నిన్న ఆఫీసులో భోజనాల దగ్గర మొదలైన గొడవ ఇది. అక్కడ తేలలేదు, అందుకే ఇక్కడికి తెచ్చాను. సంజీవ్ కపూర్‌కి 2017లో పద్మశ్రీ ఇచ్చారు కదా. మా టీమ్‌లో ఒకాయన అంటాడు: "ఆయన చెఫ్ ఏంటి? టీవీలో నవ్వుతూ వంట చేసి చూపించే మాటకారి. ఆ మొహం చూపించి పెనాలూ మిక్సీలూ అమ్ముకుంటున్నాడు." నేను ఒప్పుకోలేదు. డబ్బా మూతలు పెట్టేసి ఎవరి సీట్లోకి వాళ్లం పోయాం.

ఆయన గురించి అంతగా తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 1964లో అంబాలాలో పుట్టాడు. ఢిల్లీ పూసాలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివాడు. ముప్పై నిండకముందే ముంబై సెంటార్ హోటల్లో ఎగ్జిక్యూటివ్ చెఫ్. 1993లో జీ టీవీలో 'ఖానా ఖజానా' మొదలైంది, ఏళ్ల తరబడి నడిచింది. ఆ తర్వాత వందకు పైగా పుస్తకాలు, దుబాయ్‌లో 'ఖజానా', ఇక్కడ 'ది యెల్లో చిల్లీ' రెస్టారెంట్లు, 2009లో పెనాలూ మిక్సీలూ అమ్మే వండర్‌చెఫ్ కంపెనీ, 2011లో 'ఫుడ్‌ఫుడ్' అని ఏకంగా ఓ చానెల్.

ఇప్పుడు చెప్పండి. ఈయన్ని వంటవాళ్ల లెక్కలో వేయాలా, వ్యాపారుల లెక్కలోనా?

ఉల్లిఘాటు:
మీ ఆఫీసాయనకి నా తరఫున ఒక టీ ఇప్పించండి.

సరిగ్గా అంతకు ముందు ఏడాది, 2016లో, పద్మశ్రీ ఎవరికొచ్చింది? ఇంతియాజ్ ఖురేషీకి. లక్నో వంటవాళ్ల కుటుంబం, చిన్నప్పట్నుంచి పొయ్యి ముందే పెరిగాడు. గిన్నె మూతకి పిండి అంటించి, ఆవిరి బయటికి పోకుండా సన్నసెగ మీద మగ్గబెట్టే దమ్ వంటని ఐటీసీ హోటల్ వాళ్ల 'దమ్ పుఖ్త్' రెస్టారెంట్లో తెల్లగుడ్డ పరిచిన టేబుల్ మీదికి తెచ్చాడు. దాన్ని వంట అంటారు. సంజీవ్ కపూర్ ఏం తెచ్చాడు? పనీర్‌లో క్రీము, క్రీములో పనీర్.

నా అసలు కోపం అది కూడా కాదు. వారం వారం దేశమంతా ఒకే టీవీ ముందు కూర్చుని ఒకే కూర నేర్చుకుంది. ఫలితం చూడండి. మా ఊళ్లో పెళ్లి విందుకి వెళ్తే గుత్తివంకాయ ఓ మూలకి పోయింది, పనీర్ బటర్ మసాలా దగ్గర క్యూ.

వంటింటి పెద్దమ్మ:
ఉల్లిఘాటు బాబూ, 1993 నాటికి నువ్వు పుట్టావో లేదో నాకు తెలియదు. నేను అప్పటికి ఇద్దరు పిల్లల తల్లిని.

ఆ రోజుల్లో వంట ఎవరి దగ్గర నేర్చుకునేవాళ్లం? అమ్మ దగ్గర, లేకపోతే అత్తగారి దగ్గర. మా అత్తగారి చేతి పులుసు తిన్నవాళ్లు మర్చిపోరు. కానీ ఎలా చేయాలో అడిగితే ఒకటే మాట, "చూసి వేసుకోవాలమ్మా" అని. ఏం చూడాలో చెప్పేది కాదు. వారపత్రికలో వంటల పేజీ తీస్తే 'ఉప్పు, కారం తగినంత', 'నూనె సరిపడా'. ఎంతకి సరిపడా? ఎవరికి తగినంత?

అప్పుడు మా వీధికి కేబుల్ వచ్చింది. ఆదివారం టీవీ ముందు నోట్‌బుక్కు పట్టుకుని కూర్చునేదాన్ని. నాకు హిందీ రాదు. పక్కింటావిడ నాగపూర్‌లో కొన్నేళ్లు ఉండొచ్చింది, ఆవిడ వచ్చి పక్కన కూర్చుని చెప్పేది. జీరా అంటే జీలకర్ర, హల్దీ అంటే పసుపు, అక్కడిదాకా బాగానే నడిచింది. ఓ రోజు ఆయన 'కసూరీ మేథీ' అన్నాడు. ఇద్దరం మొహాలు చూసుకున్నాం. మేథీ అంటే మెంతి అని ఆవిడకి తెలుసు, కసూరీ ఏంటో తెలియదు. మర్నాడు మెంతికూర తెచ్చి డాబా మీద ఎండబెట్టి, నలిపి వేశాను. ఏదో వాసన వచ్చింది. అదే అనుకున్నాం.

ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది, సగం పేజీలకి పసుపు మరకలు. ఒక పేజీలో 'టమాటాలు 4, అల్లం వెల్లుల్లి ముద్ద 1 చెంచా, వెన్న 2' అని ఉంటుంది, అక్కడితో ఆగిపోతుంది. కరెంటు పోయింది.

చెంచాలతో కొలిచి చెప్పిన మొదటి మనిషి నాకు ఆయనే. ఆయన కంటే ముందు ఇంకెవరైనా చెప్పారేమో, నా దాకా రాలేదు.

పొయ్యి దగ్గరోడు:
నేను పదమూడేళ్లుగా హోటల్ కిచెన్లలో పనిచేస్తున్నాను. రెండు పక్షాలకీ తిట్లున్నాయి.

ముందు ఉల్లిఘాటు అన్నకి. స్టార్ హోటల్లో ఎగ్జిక్యూటివ్ చెఫ్ అంటే పొద్దస్తమానం గరిటె తిప్పేవాడు కాదు. మెనూ కట్టాలి, ప్లేటు ఖరీదు ఎంత పడుతుందో లెక్క తేల్చాలి, కావాల్సిన సరుకులకి స్టోర్‌కి ఇండెంట్ రాయాలి, ముప్పై నలభై మందితో ఒకే రుచి రప్పించాలి. సెంటార్ అంటే ఎయిరిండియా వాళ్ల సంస్థ నడిపిన హోటల్. అంత చిన్న వయసులో ఆ కుర్చీ ఇచ్చారంటే నవ్వు చూసి ఇవ్వరు.

రెండోది, ఎవరూ పట్టించుకోని సంగతి. హోటల్ వంటని నలుగురికి కుదించడం అంటే భాగహారం కాదు. మా దగ్గర గ్రేవీలు ముందే తయారుగా ఉంటాయి: వెన్న, టమాటాలతో మఖనీ ఒకటి, ఉల్లి-టమాటా ఒకటి, జీడిపప్పుతో తెల్లది ఒకటి. ఆర్డర్ రాగానే రెండు గరిటెలు తీసి, పెద్ద మంట మీద మూడు నిమిషాల్లో ప్లేటు బయటికి పంపేస్తాం. ఇంట్లో అమ్మకి ఆ మంట లేదు, ఆ గ్రేవీ లేదు. ఇరవై కిలోల టమాటాల లెక్కని నాలుగు టమాటాలకి దించితే నీళ్ల లెక్క తప్పుతుంది, ఎందుకంటే చిన్న గిన్నెలో నీళ్లు తొందరగా ఇంకిపోతాయి. గరం మసాలా లెక్క తప్పుతుంది. అడుగంటే సమయం కూడా మారిపోతుంది. మళ్లీ మొదట్నుంచి వండి చూసుకుని కొలత రాయాలి. నన్ను ఇప్పుడు మా హోటల్ దాల్ మఖనీని మీ ఇంటి కుక్కర్‌కి రాసివ్వమంటే నాలుగు సార్లు పాడుచేస్తాను. అది వారం వారం చేశాడు ఆయన. అది వంట కాదంటే నేను ఒప్పుకోను.

'ఏం తెచ్చాడు' అన్నారు కాబట్టి: శామ్ సవేరా. పనీర్‌ని మెత్తగా చేసి చిన్న ఉండలు కడతారు. పాలకూర ముద్దని శనగపిండితో దగ్గరపడేదాకా వేయించి ఆ ఉండల చుట్టూ పొదిగి, నూనెలో వేయించి, చాకుతో సగానికి కోస్తారు. లోపల తెలుపు, చుట్టూ ఆకుపచ్చ, కింద ఎర్రటి మఖనీ గ్రేవీ. కోసిన ముఖం పైకి పెట్టాలి, అదే దాని అందం. ఊరూ పేరూ తెలియని హోటళ్ల మెనూల్లో కూడా ఇప్పుడు అది ఉంది. తన వంటని అందరూ కాపీ కొట్టడం కంటే వంటవాడికి ఏం కావాలి?

ఇక తిట్టు. ఆయన పేరున్న రెస్టారెంట్‌లో కూర్చుని ఆయన చేతి వంట తింటున్నామనుకోవడం అమాయకత్వం. యెల్లో చిల్లీ ఫ్రాంచైజీ. పెట్టుబడి ఒకరిది, పేరు ఒకరిది, చెమట నాలాంటి కుర్రాళ్లది. ఓ పేరు మోసిన చెఫ్ ఫొటో గోడ మీద పెట్టిన చోట నేనూ పనిచేశాను, ఎవరని అడక్కండి. ఉన్న ఏడాదిన్నరలో ఆ చెఫ్‌ని ఆ గోడ మీదే చూశాను.

ఉల్లిఘాటు:
చివరి పేరాకి వందసార్లు లైక్. అదే నేను మొదట్నుంచీ అంటున్నది. పేరు అద్దెకిచ్చేశాక ఆయన వంటవాడు ఎలా అవుతాడు?

ఇంకోటి. 2017 నవంబర్‌లో ఢిల్లీలో 'వరల్డ్ ఫుడ్ ఇండియా' అని ప్రభుత్వం పెద్ద మేళా పెట్టింది. అక్కడ ఈయన ఆధ్వర్యంలో 918 కిలోల కిచిడీ వండి గిన్నిస్ రికార్డు కొట్టారు. తాలింపు వేయడానికి రాందేవ్ బాబా వచ్చాడు. కిచిడీని జాతీయ వంటకం చేసేస్తారని పుకారు లేచి, లేదు బాబూ రికార్డు కోసమే అని మంత్రిగారు వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఇది వంటా, సర్కస్సా?

2015లో మాస్టర్‌చెఫ్ ఇండియా నాలుగో సీజన్ మొత్తం శాకాహారమే పెట్టారు. కోడీ చేపా లేకుండా ఈ దేశపు వంటల పోటీ! జడ్జీ కుర్చీలో ఈయనే. ఖురేషీ అయితే ఆ కుర్చీలో కూర్చునేవాడా?

మధ్యలో దూరా:
ఖురేషీ సంగతేమో గానీ మా మస్తానమ్మ అవ్వ కూర్చునేది కాదు. పుచ్చకాయలో కోడికూర వండి యూట్యూబ్‌లో లక్షలమందికి చూపించింది, ఒక్క చెంచా కొలవలేదు. మీ 'ఒక టేబుల్ స్పూన్' బ్యాచ్ అంతా ఆవిడ ముందు బలాదూర్.

పోపులపెట్టె:
@మధ్యలో దూరా, అవ్వని అందరం చూశాం. నిజం చెప్పు తమ్ముడూ, ఆ పుచ్చకాయ కూర ఇంట్లో ఎంతమంది వండారు? ఆవిడ చేస్తుంటే చూడాలనిపిస్తుంది. కపూర్ చేస్తుంటే లేచి వంటింట్లోకి వెళ్లాలనిపించేది. వాహ్‌చెఫ్ సంజయ్ తుమ్మ వీడియోలు చూసి హాస్టల్ గదుల్లో, అమెరికా అపార్ట్‌మెంట్లలో కూరలు వండుకున్న మనవాళ్లని అడుగు, ఈ తేడా వాళ్లు చెప్తారు.

@ఉల్లిఘాటు, అవార్డు గురించి ఒక మాట. 2007లో తర్లా దలాల్‌కి పద్మశ్రీ ఇచ్చారు. ఆవిడ ఏ హోటల్ కిచెన్లోనూ చెఫ్ కాదు. 1966లో ముంబైలో తన ఇంట్లో వంట క్లాసులు మొదలుపెట్టి, పుస్తకాలు రాసింది. 2025లో తమిళనాడు చెఫ్ దామూకి ఇచ్చారు, ఆయన్నీ అక్కడి జనం టీవీలోనే చూసి ఇష్టపడ్డారు. పొయ్యి దగ్గర గొప్పవాళ్లకీ ఇచ్చారు, నేర్పినవాళ్లకీ ఇచ్చారు. ఖురేషీ వంట తినాలంటే స్టార్ హోటల్ బిల్లు కట్టాల్సి వచ్చేది. ఖానా ఖజానాకి కేబుల్ బిల్లు సరిపోయేది. నువ్వు మొదటి రకాన్నే వంటవాడంటున్నావు.

మాస్టర్‌చెఫ్ విషయంలో మాత్రం నీతోనే ఉన్నాను. అది నాకూ నచ్చలేదు. కానీ ఆ సీజన్‌లో ఆయనతో పాటు వికాస్ ఖన్నా, రణ్‌వీర్ బ్రార్ కూడా జడ్జీలే. వాళ్లని ఎవరూ వంటవాళ్లు కాదనరేం?

వంటింటి పెద్దమ్మ:
పెళ్లిళ్లలో పనీర్ గురించి ఉల్లిఘాటు అన్నది నాకూ బాధగానే ఉంటుంది. మొన్న మా తమ్ముడి మనవరాలి పెళ్లిలో వంట మాస్టర్ని అడిగాను, "వంకాయ ఇంత తక్కువ చేశావేం నాయనా" అని. "మిగిలిపోతోందమ్మా, పిల్లలు పనీర్ అడుగుతున్నారు" అన్నాడు. ఆ పిల్లలెవరూ ఖానా ఖజానా చూసినవాళ్లు కాదు, ధాబాల్లో తిని నేర్చుకున్నారు. నేను ఆయన్ని చూసి పనీర్ నేర్చుకున్నాను, గుత్తివంకాయ మర్చిపోలేదే.

మరో సంగతి చెప్పాలి. మావారు జీవితంలో వంటింట్లోకి రాలేదు. కాఫీ గ్లాసు కూడా హాల్లోనే వదిలేసేవారు. ఆ ప్రోగ్రాం వస్తుంటే పేపర్ అడ్డం పెట్టుకుని ఓరకంట చూసేవారు. కోటూ టోపీ వేసుకున్న మగాడు ఉల్లిపాయ తరగడం, అది చూసి జనం మెచ్చుకోవడం ఆయనకి కొత్త. ఓ ఆదివారం నేను జ్వరంతో పడుకుంటే నా నోట్‌బుక్కు తీసి, కళ్లజోడు పెట్టుకుని, జీరా రైస్ వండారు. అన్నం ముద్దయింది. జీలకర్ర మాత్రం సరిగ్గా వేగింది.

ఉల్లిఘాటు:
పెద్దమ్మగారూ, మీరిలా రాస్తే నేనెలా వాదించాలండీ?

సరే, ఒక మెట్టు దిగుతాను. మంచి టీచర్. 'మాటకారి' అన్న ఆఫీసాయనకి ఇప్పించమన్న టీ వెనక్కి తీసుకుంటున్నా. కానీ పెనాలు అమ్మడం, పేరు అద్దెకివ్వడం, కిచిడీ సర్కస్ మీద నా మాట మారదు.

పొయ్యి దగ్గరోడు:
పెనాలు అమ్మితే తప్పేంటి అన్నా? వంటవాడికి నలభై దాటాక మోకాళ్లు పోతాయి, నడుము పోతుంది. రోజుకి పన్నెండు గంటలు నిలబడే పని, పింఛను లేదు. మావాళ్లలో ఒక్కడు ఆ పొయ్యి వేడి నుంచి బయటపడి డబ్బు సంపాదిస్తే నాకు కుళ్లు రాదు. అక్కడ అద్దెకిచ్చిన పేరు కింద పనిచేసే కుర్రాడి జీతం ఎంత అని అడుగు, అప్పుడు నేనూ నీ పక్కనే నిలబడతాను.

పోపులపెట్టె:
మీ గొడవ చదివి ఇవాళ పొద్దున శామ్ సవేరా మొదలుపెట్టాను. మూడు కోఫ్తాలు నూనెలో పగిలిపోయాయి. పనీర్ ఒకవైపు, పాలకూర ఇంకోవైపు, మూకుడంతా చెరువైంది. కొలతలన్నీ కరెక్టే. ఎక్కడ తప్పింది?

వంటింటి పెద్దమ్మ:
పాలకూర పిండావా బాబూ? ఉడికించాక చన్నీళ్లలో వేసి, గట్టిగా పిండాలి. చుక్క కారకూడదు. శనగపిండి వేశాక మూకుడు అంచు వదిలేదాకా వేయించు, చల్లారాకే ఉండలు కట్టు. నూనెలో వేశాక గరిటె పెట్టి కెలక్కు, కాసేపు దాని మానాన దాన్ని వదిలెయ్.

పోపులపెట్టె:
పిండలేదు. ఎంత పిండాలో కొలత రాయలేదండీ.

ఉల్లిఘాటు:
చూసి పిండుకోవాలమ్మా.