మందారం పక్కన ఏ పువ్వు? పోతన ‘మదనములకు’ దగ్గర సందేహం

ఆరో తరగతి పంతులమ్మ
పిల్లలకు పువ్వు భాగాలు మొదలుపెట్టే ముందు పోతన సీసం చదివి వినిపించాలని ఉంది. “మందార మకరంద మాధుర్యమునఁ దేలు మధుపంబు బోవునే మదనములకు” అనే నోటికి వస్తోంది. మందారం తేనె మరిగిన తుమ్మెద మదనాలకు పోతుందా, హరిని మరిగిన మనసూ అంతే అని భావం. కానీ ఒకచోట “మధనములకు” అని అచ్చయి కనబడింది. దనా, ధనా? మదనమంటే ఉమ్మెత్తే అయితే పాఠానికి అంతకన్నా ఏం కావాలి? మందారం, ఉమ్మెత్త పక్కపక్కన పెట్టి విప్పిస్తాను.

నిఘంటువుల అటక
ద. అనుమానమే లేదు. చిలకడం కావాలంటే మథనం, అక్కడ థ ఉండాలి. ధ ఉన్న రూపం అచ్చుతప్పు. అమరకోశం వనౌషధివర్గంలో ఉన్మత్త, కితవ, ధూర్త, ధత్తూర, మాతుల, మదన వరసగా ఉంటాయి. ఉమ్మెత్తే.

సీసం ప్రేమికుడు
ద సరే. అంతకన్నా ముఖ్యం ‘బోవునే’. మధుపంబు ప్రథమ, కళ (చివర నకారం లేని మాట). దాని మీద పోవునేలోని ప ‘వ’ కావాలి గానీ ‘బ’ ఎలా అవుతుంది? ప ‘బ’గా మారే సరళాదేశానికి ముందు మాట చివర ద్రుతం (నకారం) ఉండాలి. మధుపంబు వోవునే. పోతన పద్ధతి ఆ పద్యంలోనే ఉంది: రాయంచ సనునే, కోయిల సేరునే. చనునే ‘స’ అయింది, చేరునే ‘స’ అయింది. మొదటి పాదానికి మాత్రం వేరే వ్యాకరణమా?

మొక్కల మాస్టారు
అటకగారూ, అమరంలో మదన శబ్దం ఒక్కచోటే లేదు. పిండీతక, శల్య, కరహాటకల పక్కన కూడా ఉంది. అది మంగ చెట్టు, ముళ్ళది. దాని కాయ వాంతి మందు. మూడో పాదంలో మామిడికి ఎదురుగా కుటజం, అంటే కొడిసె పెట్టాడు. అదీ చెట్టే, చేదుకు పేరుపడ్డదే. మామిడికి కొడిసె అయినప్పుడు మందారానికి మంగే జత. చెట్టుకు చెట్టు.

నిఘంటువుల అటక
ఆ పాదంలో కోయిల తినేది చిగుళ్ళు, పువ్వు కాదు. ఇక్కడ సంగతి మకరందం. ఉమ్మెత్త తెల్లగా, పెద్దగా ఉండి చూపులాగే పువ్వు. లోపల విషం. ఆశపెట్టి మోసం చేసేదానికి పోకపోవడంలోనే భక్తుడి గొప్ప.

పూలతోట
తుమ్మెద ఉమ్మెత్తకు పోదన్నది వృక్షశాస్త్రానికీ దగ్గరే. అది పొద్దుగూకేవేళ విచ్చుతుంది. గొట్టం పొడుగు, తేనె అడుగున. పొడుగు నాలుక ఉన్న రాత్రి చిమ్మటల కోసం ఉన్న అమరిక అది.

మొక్కల మాస్టారు
కొన్ని తుమ్మెదలు పొడుగు గొట్టం పూలను అడుగున చీల్చి తేనె లాగుతాయి. గొట్టం పొడుగుతో నిర్ణయం కాదు.

అసలు అమ్మగారు మందారమే సరిచూసుకోవాలి. పోతన మందారం దేవతరువు: మందార, పారిజాత, సంతాన, కల్పవృక్ష, హరిచందనాలు ఐదింటిలో ఒకటి. భూమ్మీద ఆ పేరు ఎర్రపూల ఎరిత్రినా చెట్టుకూ ఉంది, జిల్లేడుకూ ఉంది. మన పెరటి ఎర్ర మందారానికి సంస్కృతంలో జపాపుష్పం.

ఆరో తరగతి పంతులమ్మ
పిల్లలకు మందారమంటే పెరట్లోదే కదండీ. పద్యం పేరు దాకానే, విప్పేది జపాకుసుమమే. విప్పడంలో ఏం జాగ్రత్త?

పూలతోట
ముద్ద మందారం తేవద్దు. అందులో కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోతాయి, లెక్క కుదరదు. ఐదు రేకుల ఒంటి మందారమే కావాలి. పూట పువ్వు కాబట్టి ఆ ఉదయమే కోయాలి. తొడిమ రెండు అంగుళాలు ఉంచితే పట్టుకోవడానికి వీలు. ఇద్దరికి ఒక పువ్వు, పైన నాలుగైదు ఎక్కువ.

వరస: ముందు రక్షక పత్రాల కింద సన్నటి ఆకుల్లాంటి వలయం ఉంటుంది. పిల్లలు దాన్నే రక్షక పత్రావళి అనుకుంటారు. అది ఉపరక్షక పత్రావళి, గోటితో తీసెయ్యాలి. తర్వాత రక్షక పత్రాలు. ఐదూ కలిసి గిన్నెలా ఉంటాయి, నిలువునా చీల్చాలి. చీల్చాక వాటి లోపలి అడుగు చూపండి, తడిగా మెరుస్తుంది. మకరందం ఊరేది అక్కడే, రేకుల మొదళ్ళ సందుల్లోంచి అందుతుంది. పద్యానికీ పాఠానికీ కలిసే చోటు ఇదే.

ఆకర్షణ పత్రాలు లాగేటప్పుడు నడిమి గొట్టం మొదట్లో గట్టిగా పట్టుకోవాలి. రేకుల అడుగులు కేసర నాళానికి అంటుకుని ఉంటాయి, పట్టుకోకపోతే మొత్తం ఊడివస్తుంది. పిల్లలు ఎక్కువగా పొరపడేది కూడా ఇక్కడే: మధ్య కాడ మొత్తాన్ని కీలం అంటారు. బయట కనబడేది కేసరదండాలు కలిసిన గొట్టం. గుండుసూదితో కింది నుంచి పైకి చీలిస్తే లోపల దారంలాంటి కీలం బయటపడుతుంది. పైన అది ఐదు కొమ్మలై, ఒక్కోదానికీ ఒక కీలాగ్రం. అండాశయాన్ని అడ్డంగా, కొత్త బ్లేడుతో, టీచరే కొయ్యాలి. పాత బ్లేడు నలిపేస్తుంది, ఐదు గదులూ ముద్దవుతాయి. పది రెట్ల కటకం చాలు.

మందారం మన దగ్గర కాయ కాయడం అరుదు. కాబట్టి కాయ చూపడానికి బెండ పువ్వు. ఒకే కుటుంబం. రక్షక పత్రాలు మాత్రం బెండలో లెక్కపెట్టించవద్దు. ఒకపక్క చీలి, పువ్వుతోనే రాలిపోతాయి.

నిఘంటువుల అటక
దీని పక్కన ఉమ్మెత్త అద్భుతం. రేకులన్నీ కలిసి గరాటు, కేసరాలు ఐదే, అవి రేకుల గొట్టానికే అంటుకుని ఉంటాయి.

పూలతోట
ఆరో తరగతి చేతికి ఉమ్మెత్త ఇవ్వకండి. రసం తగిలిన వేలితో కన్ను నులుముకుంటే పాప పెద్దదై చూపు మసకబారుతుంది. టీచరే విప్పి చూపించి చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పిల్లలకు వంగ పువ్వు ఇవ్వండి. అదే కుటుంబం, అక్కడా రేకులు కలిసే ఉంటాయి, కేసరాలు ఐదూ రేకులకే.

సీసం ప్రేమికుడు
రేకు, అకరువు (కేసరం), దుద్దు, తొడిమ లాంటి తెలుగు మాటలుండగా ఆకర్షణ పత్రావళి, పుష్పాసనం పిల్లల నోట తిరుగుతాయా? తామర దుద్దు చూపిస్తే పుష్పాసనం దానంతటదే తెలుస్తుంది.

ఆరో తరగతి పంతులమ్మ
పరీక్షలో వచ్చేది ఆకర్షణ పత్రావళేనండీ. రేకుతో మొదలుపెట్టి అక్కడికి తీసుకెళ్తాను. మరి ఉమ్మెత్తా, మంగా?

సీసం ప్రేమికుడు
యతి (గణం మొదట కలవాల్సిన అక్షరం) చూడండి. రెండో సగంలో ‘మధుపంబు’ మకు మూడో గణం మొదట మ కావాలి. ధత్తూరం, ఉన్మత్తం అక్కడ కూర్చోవు. ‘మదన’ వేసింది పద్యం. పాదమంతా మకారాలే: మందార, మకరంద, మాధుర్య, మధుప, మదన. పోతన చెవికి అది ముందు, మొక్క తర్వాత.

మొక్కల మాస్టారు
యతి మదనాన్నే అడిగింది, ఏ మదనమో అడగలేదు. మంగ నా పక్షాన అలాగే ఉంది.

నిఘంటువుల అటక
మంగ పువ్వుకు మంచి వాసన ఉంటుంది మాస్టారూ. తుమ్మెద దాన్ని ఎందుకు వద్దంటుంది? దానికి జవాబు చెప్పండి.