డాలస్‌కు కొత్తగా వచ్చాను: కాంటాక్ట్ లెన్సులు ఎలా కొనుక్కోవాలి?

ప్రశ్న

అన్నలకూ అక్కలకూ నమస్కారం. ఎం.ఎస్. చదవడానికి గత నెల విజయవాడ నుంచి డాలస్ వచ్చాను. నాకు రెండు కళ్ళకూ మైనస్ ఆరు సైటు ఉంది, నాలుగేళ్ళుగా లెన్సులు వాడుతున్నాను. అక్కడ దుకాణంలో పవరు చెబితే పెట్టె ఇచ్చేవారు. ఇక్కడ ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టబోతే ప్రిస్క్రిప్షన్ అడుగుతున్నారు. నా దగ్గర కళ్ళజోడు చీటీ మాత్రమే ఉంది. తెచ్చుకున్న లెన్సులు ఇంకో మూడు వారాలు వస్తాయి. ఏం చేయాలో దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

నమస్కారమమ్మా. మూడు వారాలున్నాయి కనుక కంగారు పడకండి, కానీ కంటి పరీక్షకు అపాయింట్‌మెంట్ మాత్రం ఈ రోజే తీసుకోండి. అమెరికాలో కాంటాక్ట్ లెన్సును వైద్య పరికరంగా చూస్తారు. సరదాకు పెట్టుకునే పవరు లేని రంగు లెన్సులకు కూడా ప్రిస్క్రిప్షన్ ఉండాల్సిందే, దానిని ఇక్కడ అర్హత ఉన్న ఆప్టోమెట్రిస్టు గానీ కంటి డాక్టరు గానీ రాయాలి.

కళ్ళజోడు చీటీ ఎందుకు చాలదంటే, కళ్ళజోడు అద్దం కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్సు నల్లగుడ్డు మీదే కూర్చుంటుంది. సైటు తక్కువైతే ఈ తేడా లెక్కలోకి రాదు గానీ, మీలా ఎక్కువగా ఉన్నవారికి వస్తుంది: కళ్ళజోడులో -6.00 అయితే లెన్సులో దాదాపు -5.50 అవుతుంది. దానికి తోడు లెన్సు వంపు, వ్యాసం, కంపెనీ పేరు కూడా చీటీలో ఉండాలి. వంపు మీ కంటికి సరిపోకపోతే లెన్సు బిగిసిపోతుంది, లేదా రెప్ప వేసిన ప్రతిసారీ జారుతుంది.

ఫోను చేసినప్పుడే రెండు ధరలు విడివిడిగా అడగండి. మామూలు కంటి పరీక్షకు ఒక రుసుము, లెన్సులు అమర్చి చూడడానికి వేరే రుసుము ఉంటాయి. విశ్వవిద్యాలయం ఇప్పించే ఆరోగ్య బీమాలో కళ్ళజోడు, లెన్సుల ఖర్చు ఉందో లేదో ముందే చూసుకోండి, ఇక్కడ విజన్ బీమా చాలాచోట్ల వేరుగా ఉంటుంది. డాక్టరు ఇచ్చే ట్రయల్ లెన్సులను ఇంట్లో కూర్చుని కాదు, క్లాసులో, కంప్యూటరు ముందు, మీరు రోజూ ఎన్ని గంటలు పెట్టుకుంటారో అన్ని గంటలు వాడి, సాయంత్రానికి కళ్ళు ఎండిపోతున్నాయా, రాత్రి వీధి దీపాల చుట్టూ మసక కనిపిస్తోందా అన్నది రాసుకుని, మళ్ళీ వెళ్ళినప్పుడు చెప్పండి.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇది. అమరిక పూర్తవగానే ప్రిస్క్రిప్షన్ ప్రతిని మీరు అడగకపోయినా, అదనపు డబ్బు తీసుకోకుండా ఇవ్వడం 2004 నుంచి అమలులో ఉన్న ఫెడరల్ నిబంధన ప్రకారం వారి బాధ్యత. తమ దగ్గరే కొనాలని షరతు పెట్టకూడదు. నేను వచ్చిన కొత్తలో ఒక దుకాణం కౌంటరు దగ్గర, ఏడాదికి సరిపడా లెన్సులు అక్కడే కొంటేనే చీటీ ఇస్తామన్నారు. నిబంధన తెలియక, మొహమాటంతో, నెల ఖర్చులకు పెట్టుకున్న డబ్బు అక్కడే కట్టి వచ్చాను. మీరు అలా కట్టవద్దు. చీటీ ముట్టినట్టు సంతకం అడిగితే, అది చేతికి గానీ ఫోనుకు గానీ వచ్చాకనే చేయండి.

చీటీ ఉంటే కాస్ట్‌కో, వాల్‌మార్ట్, ఆన్‌లైన్ దుకాణాలు, ఎక్కడ చౌకైతే అక్కడ కొనుక్కోవచ్చు. చీటీ పంపకపోతే దుకాణంవారే డాక్టరును అడిగి సరిచూసుకుంటారు, 8 పనిగంటల లోపు జవాబు రాకపోతే అది సరైనదిగానే లెక్క. అయితే చీటీలో ఒక కంపెనీ లెన్సు రాసి ఉండగా చౌకగా ఉందని మరొకటి పంపించుకోవడానికి వీలు లేదు. అందుకే డాక్టరు దగ్గరే ఖర్చు సంగతి చెప్పి, మీ స్థోమతకు తగినదే రాయమని అడగండి.

రెండవ జవాబు

పై జవాబుకు కొంచెం చేర్చుతాను. ఖర్చు భరించగలిగితే ఏరోజుకారోజు పారేసేవే మేలని నా అభిప్రాయం, డబ్బీ కడగడం, సొల్యూషన్ కొనడం తప్పుతాయి. నెలవారీవి తీసుకుంటే డబ్బీలో నిన్నటి సొల్యూషన్ మీద కొత్తది కలపకండి, పారబోసి నింపండి. మూడు నెలలకొకసారి డబ్బీ మార్చండి. సీసాకు ఎర్ర ముక్కు ఉంటే అది హైడ్రోజన్ పెరాక్సైడు. దాన్ని కంట్లో వేసుకోకూడదు, దానితో వచ్చిన ప్రత్యేక డబ్బీలోనే లెన్సులను కనీసం 6 గంటలు ఉంచాలి.

లెన్సులకు కుళాయి నీళ్ళు తగలనివ్వకండి, పెట్టుకుని స్నానం చేయకండి. కంటిపొరను తినేసే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కుళాయి నీటిలోనూ ఉండవచ్చు. పచ్చిమిరపకాయలు తరిగే పని ఉంటే లెన్సులు ముందే పెట్టుకోండి; ఆ ఘాటు మామూలుగా చేతులు కడిగితే పోదు, వేలికొసన ఉన్నది లెన్సుకు అంటి గంటల తరబడి మండుతుంది. కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోతే వెంటనే తీసివేసి, ఆ లెన్సూ డబ్బీ పారేయకుండా డాక్టరు దగ్గరకు పట్టుకుని వెళ్ళండి.

చీటీ మీద గడువు తేదీలో ఇక్కడ నెల ముందు రాస్తారు: 03/04 అంటే మార్చి 4. గడువు సాధారణంగా ఏడాది ఉంటుంది. సెలవులకు ఇంటికి వెళుతుంటే అది దాటకముందే ఆర్డరు పెట్టుకోండి, తిరిగి వచ్చేసరికి గడువు తీరితే మళ్ళీ పరీక్ష రుసుము కట్టవలసి వస్తుంది.