నార్స్ పురాణాల్లో వెండికి అర్థం ఏమిటి?

హన్మకొండ పాఠకురాలు:
అందరికీ నమస్కారం. ఉత్తర ఐరోపాలో వైకింగులనే సముద్రయోధుల నాటి నార్స్ పురాణాలను కొంతకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. మన దగ్గర వెండి అనగానే చంద్రుడు, చలువ, శుభం గుర్తుకొస్తాయి. పసిపిల్లల మొలతాడు మొదలుకొని పెళ్లికూతురి మెట్టెల దాకా వెండి ఉండాల్సిందే. ఆ గాథల్లో మాత్రం ఉరుముల దేవుడు థోర్ భార్య సిఫ్ జుట్టు బంగారం, దేవతల పెద్ద ఓడిన్ కంకణం ద్రౌప్నిర్ బంగారం, ఫ్రేయా దేవత కన్నీళ్లు సైతం బంగారమే. మరి వెండికి అక్కడ ఏ అర్థమూ లేదా? సినిమాల్లో తోడేలు మనిషిని చంపే వెండి తూటా వారి నమ్మకమేనా? తెలిసినవారు వివరించగలరని మనవి.

ఎడ్డా అభిమాని, వరంగల్:
పాఠకురాలు గారూ, వెండి తూటా నార్స్ పురాణాలది కాదు. తుపాకులు వచ్చిన తరువాతి జానపద కథలది. మహావృకమైన ఫెన్రిర్‌ను దేవతలు బంధించింది గ్లైప్నిర్ అనే తాడుతో. పిల్లి అడుగుల చప్పుడు, చేప ఊపిరి వంటి లోకంలో దొరకని వస్తువులతో మరుగుజ్జులు దాన్ని పేనారు.

వెండి కనిపించేది దేవతల భవనాల కప్పుల మీద. ఓడిన్ కూర్చుని లోకాలన్నిటినీ చూసే ఆసనం వలాస్క్యాల్ఫ్ అనే భవనంలో ఉంటుంది. దానికి వెండి కప్పు. బాల్డర్ దేవుడి కొడుకు ఫోర్సెటి కొలువైన గ్లిట్నిర్ భవనానికి బంగారు స్తంభాలు, వెండి కప్పు. తగవులతో వచ్చినవారందరూ రాజీపడి వెళ్లే చోటు అది. తీర్పు చెప్పే దేవుడి నెత్తిన వెండి ఉండటం కాకతాళీయం కాదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ సమాజంలో హత్య జరిగినా పరిహారాన్ని వెండి లెక్కన కట్టి పగను చల్లార్చే ఆచారం ఉండేది.

కరీంనగర్ వెండి తీగపని:
ఎడ్డా అభిమాని గారి మాటకు కొంత చేరుస్తాను. మా ఇంటిల్లిపాదికీ వెండి తీగపనే జీవనాధారం కాబట్టి నా చూపు ముందుగా లోహం మీదికే పోతుంది. వైకింగుల నిధుల్లో దొరికిన నాణేల ఫోటోలను పెద్దవి చేసి చూడండి: అంచుల మీద, ముఖం మీద కత్తి మొనతో పొడిచిన సన్నని గాట్లు కనిపిస్తాయి. మేము గీటురాయి మీద గీసి చూసినట్టే, వారు గాటు పెట్టి మేలిమిని పరీక్షించుకునేవారు. నాణెం మీద ఏ రాజు పేరుందన్నది వారికి పట్టలేదు. కడియాన్నైనా ముక్కలుగా నరికి, వెంట ఉంచుకునే చిన్న త్రాసులో తూచి ఇచ్చేవారు. ఆ వెండిలో చాలాభాగం మధ్య ఆసియా సమానీ పాలకుల దిర్హములనే వెండి నాణేలుగా నదీమార్గాల మీదుగా వచ్చింది. దానికి బదులుగా వెళ్లినవాటిలో జంతు చర్మాలతోపాటు బానిసలైన మనుషులూ ఉన్నారన్నది మరవరానిది. 1999లో స్వీడన్‌లోని గోట్లండ్ దీవిలో, స్పిల్లింగ్స్ అనే చోట, ఒక్క నిధిలోనే సుమారు 67 కిలోల వెండి, 14,000కు పైగా నాణేలు బయటపడ్డాయి.

హన్మకొండ పాఠకురాలు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అంత కష్టపడి సంపాదించిన వెండిని లంకెబిందెల్లా పాతిపెట్టి, తిరిగి ఎందుకు తీసుకోలేదు?

ఎడ్డా అభిమాని, వరంగల్:
ఆపదలో దాచి, దాచినవారు చనిపోగా మిగిలిపోయినవి కొన్ని ఉంటాయి. అయితే 13వ శతాబ్దపు ఐస్‌లాండ్ రచయిత స్నోరి స్టుర్లుసన్ రాతల్లో ఓడిన్ చేసిన కట్టడి ఒకటి ఉంది: మనిషి తన చితి మీద ఉంచిన సొమ్ముతోనూ, బతికుండగా తానే భూమిలో దాచుకున్న సొమ్ముతోనూ వల్హల్లాకు, అంటే చనిపోయిన వీరులు చేరే ఓడిన్ భవనానికి, చేరుతాడట. ఐస్‌లాండ్ పాత గద్యగాథల్లో (సాగాల్లో) ఒకటైన ఎగిల్ సాగాలోని ముసలి ఎగిల్‌ను ఆ వెలుగులో చదవాలి. అన్న థోరోల్ఫ్ యుద్ధంలో చనిపోయినందుకు ఇంగ్లండు రాజు ఏథెల్‌స్టన్ ఇచ్చిన రెండు పెట్టెల వెండిని ఎగిల్ తన తండ్రికి ఇవ్వక తన దగ్గరే ఉంచుకున్నాడు. చూపు పోయిన ముదిమిలో ఇద్దరు బానిసలతో ఆ పెట్టెలను తీసుకెళ్లి దాచి, ఒంటరిగా తిరిగివచ్చాడు. బానిసలను తానే చంపానని ఒప్పుకున్నాడు గానీ చోటు మాత్రం చెప్పలేదు.

మీరు అడిగిన శుభసూచకమైన వెండి కావాలంటే వాట్న్స్‌డేలా సాగా చదవండి. అందులో నార్వే రాజు హరాల్డ్ ఇచ్చిన, ఫ్రేయ్ దేవుడి రూపమున్న వెండి తాయెత్తు కథానాయకుడు ఇంగిమండ్ సంచిలోంచి మాయమవుతుంది. అతడు ఐస్‌లాండ్ చేరి ఇంటి స్తంభాలకు గుంత తవ్వుతుండగా అదే తాయెత్తు ఆ మట్టిలో దొరుకుతుంది, అతడు అక్కడే స్థిరపడతాడు.