హెడర్లు తీసేస్తే ఫుట్‌బాల్ మిగులుతుందా?

వెన్నెల:
1966లో ఇంగ్లాండ్‌కు ప్రపంచకప్ తెచ్చిపెట్టిన ఫైనల్ జట్టులో పదకొండు మంది. వాళ్లలో రే విల్సన్, మార్టిన్ పీటర్స్, జాక్ చార్ల్‌టన్, నాబీ స్టైల్స్, బాబీ చార్ల్‌టన్, ఈ అయిదుగురికీ మలివయసులో డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్షీణించే జబ్బు, వచ్చింది. ఏళ్ల తరబడి తలతో బంతిని కొట్టడమే కారణమని కొందరు, ముసలితనంలో ఎవరికైనా వచ్చేదేనని మరికొందరు. పిల్లల ఆటలోనే కాదు, పెద్దల ఆటలోనూ హెడర్లు తీసేయాలంటాను నేను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

పాతబంతి:
నేను కాదంటున్నాను. అప్పటిది తోలు బంతి. వానలో నీళ్లు పీల్చుకుని రాయిలా బరువెక్కేది. ఇప్పటి బంతికి తడే అంటదు. ఆనాటి వాళ్ల జబ్బు చూపించి ఈనాటి ఆటకు శిక్ష వేస్తారా? పైగా అయిదు పేర్లు వల్లించినంత మాత్రాన రుజువైపోదు.

లెక్కలపంతులు:
పేర్లు రుజువు కావన్నది ఒప్పుకుంటాను. అందుకే గ్లాస్గో విశ్వవిద్యాలయం పరిశోధకులు పేర్లు పక్కన పెట్టి మరణాల లెక్క తీశారు. స్కాట్లాండ్‌లో 1900, 1976 మధ్య పుట్టిన 7,676 మంది మాజీ వృత్తి ఆటగాళ్లు ఒక వైపు, అదే వయసు, అలాంటి ఆర్థిక స్థితిలోని 23,028 మంది సామాన్యులు మరో వైపు. 2019లో ఫలితం వచ్చింది. మెదడు క్షీణించే జబ్బులతో పోయినవాళ్లు ఆటగాళ్లలో 1.7 శాతం, రెండో వైపు 0.5 శాతం. దాదాపు మూడున్నర రెట్లు.

ఇక బంతి సంగతి. పొడిగా ఉన్న తోలు బంతికీ నేటి బంతికీ బరువులో పెద్ద తేడా లేదు. ఇప్పటి నియమం 410 నుంచి 450 గ్రాములు. తడవని బంతి మరింత వేగంగా వచ్చి తగులుతుంది. 2021లో అదే బృందం ఆటగాళ్లను పుట్టిన కాలాన్ని బట్టి విడదీసి చూస్తే, తరం మారినా ముప్పు మారలేదు.

పాతబంతి:
ఆ 2019 అధ్యయనంలోనే గుండెజబ్బుతో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయినవాళ్లు ఆటగాళ్లలోనే తక్కువ. డెబ్భై ఏళ్ల లోపు మరణాలూ వాళ్లలోనే తక్కువ. ఆ ముక్క ఎందుకు మింగేశారు పంతులు గారూ? సరే, జబ్బు ఎక్కువే అనుకుందాం. దానికి హెడరే కారణమని ఎలా తేలింది? తలలు ఢీకొనడం, మోచేతి పోట్లు, తాగుడు, ఇవన్నీ ఏమైపోయాయి?

లెక్కలపంతులు:
మింగలేదు, అది మీ వాటా అని వదిలేశాను. ఆట ఒంటికి మంచిదే, ఎవరూ కాదనలేదు.

హెడర్ అని ఎలా తేలిందంటారా? గోల్‌కీపర్‌ను చూడండి. మిగతా వాళ్లతోపాటే ఆడతాడు, అదే క్లబ్బులో ఉంటాడు, ఆట అయ్యాక వాళ్లతోనే కూర్చుని తాగుతాడు. మోచేతులూ, గోలుస్తంభాలూ అతని తలకీ తగులుతాయి. చేయనిదల్లా బంతిని పదేపదే తలతో కొట్టడం. 2021 లెక్కల్లో గోల్‌కీపర్లకు ముప్పు దాదాపు సామాన్యులంతే. డిఫెండర్లకు సుమారు అయిదు రెట్లు. ఎక్కువ ఏళ్లు ఆడినవాళ్లకు ఇంకా ఎక్కువ. స్వీడన్‌లో 1924 నుంచి 2019 వరకు అగ్రశ్రేణి లీగ్‌లో ఆడిన 6,007 మందిని చూసిన 2023 అధ్యయనంలో తేడా తక్కువే, ఒకటిన్నర రెట్లు. అక్కడ కూడా గోల్‌కీపర్లకు అదనపు ముప్పు కనబడలేదు. ఇది సాక్ష్యమే, తుది తీర్పు కాదు. కానీ తాగుడు వల్ల అనాలంటే గోల్‌కీపర్లంతా మందు ముట్టనివాళ్లయి ఉండాలి.

మందారం:
జెఫ్ ఆస్టిల్ పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఇంగ్లాండ్ క్లబ్బు వెస్ట్ బ్రామిచ్ ఆల్బియన్ ఫార్వర్డ్, హెడర్లకు పెట్టింది పేరు. 2002లో మెదడు జబ్బుతో 59 ఏళ్లకే పోయాడు. మరణ విచారణాధికారి అది వృత్తి వల్ల వచ్చిన జబ్బేనని తీర్పు చెప్పాడు. గనిలో పనిచేసినవాడికి ఊపిరితిత్తులు పాడైతే ఏమంటామో, అదే మాట. 2014లో మెదడును మళ్లీ పరీక్షిస్తే, తలకు పదేపదే దెబ్బలు తగిలినవాళ్లలో, ముఖ్యంగా బాక్సర్లలో, కనిపించే సీటీఈ అనే మెదడు జబ్బు అని తేలింది. తాను ఫుట్‌బాల్ ఆడిన సంగతే చివర్లో ఆయనకు గుర్తు లేదని ఇంట్లోవాళ్లు చెప్పారు. సీటీఈని ఖాయం చేసుకోవాలంటే మనిషి పోయాక మెదడును కోసి చూడాల్సిందే. పూర్తి రుజువు కావాలని కూర్చునేవాళ్లు ఎన్ని మెదళ్ల కోసం ఎదురుచూస్తారు?

గీతబయట:
నేను కోచ్‌ను. పద్నాలుగేళ్ల పిల్లలకు నేర్పుతాను. మీరంతా మ్యాచ్ గురించి మాట్లాడుతున్నారు, దెబ్బలు పడేది శిక్షణలో. కార్నర్లు, అంటే మైదానం మూల నుంచి గోలు ముందుకు కొట్టే బంతులు, సాధన చేసిన ఒక రోజు పొడుగ్గా ఉండే మా డిఫెండర్ ఒక్కణ్నే లెక్కపెట్టాను. నలభై నిమిషాల్లో 34 సార్లు. ఇరవై దాటాక కొట్టిన ప్రతిసారీ అరచేత్తో నుదురు ఒత్తుకుని తిరిగి తన చోటికి పరుగెత్తేవాడు. నొప్పిగా ఉందా అంటే లేదన్నాడు. కళ్లు తిరగలేదు, పడిపోలేదు. నన్ను భయపెట్టింది అదే. ఇంగ్లాండ్‌లో 2021 నుంచి వృత్తి ఆటగాళ్లకే బలమైన హెడర్లు శిక్షణలో వారానికి పది మించవద్దని సూచన ఉంది. మా కుర్రవాడు మూడు వారాల కోటా ఒక పూటలో దాటేశాడు.

పాతబంతి:
పిల్లల విషయంలో నాకు పేచీ లేదు. అమెరికాలో 2015లోనే పదేళ్లు, అంతకు తక్కువ వయసు వాళ్లకు హెడర్లు ఆపాలని నిర్ణయించారు. ఇంగ్లాండ్, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్ 2020లో ప్రాథమిక పాఠశాల వయసు పిల్లల శిక్షణలోంచి తీసేశాయి. మంచిదే. శిక్షణకు హద్దు పెట్టండి, అదీ మంచిదే. మ్యాచ్ జోలికి మాత్రం రాకండి. చివరి నిమిషంలో కార్నర్ నుంచి వచ్చిన బంతికి పైకెగిరే హక్కు ముప్పు తెలిసిన పెద్దవాడికి ఉండాలి. బాక్సర్‌కు లేదా?

వెన్నెల:
1966 వాళ్లకు తెలుసా ముప్పు? ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాం. మ్యాచ్ సంగతి మీకే వదిలేస్తాను, కానీ మీ హద్దును ఎవరు కాపలా కాస్తారు? ఓడిపోతున్న జట్టు కోచ్ పదకొండో హెడర్ దగ్గర ఆపుతాడా?

పాతబంతి:
ఆపాలి. ఆపకపోతే అది కోచ్ తప్పు.

గీతబయట:
అయితే ఈసారి కార్నర్ల సాధన ఉన్న రోజు రండి. లెక్క రాసే పుస్తకం మీ చేతికిస్తాను. పదికి మీరే ఈల వేద్దురు గానీ.